నంద్యాల గాలికి ఆరిన స్లైడ్లు

నంద్యాలకు మా వైపు నుంచి ఎవరైనా వెళ్లారంటే మహానందికని అర్థం. ఆళ్లగడ్డకు వెళ్లారంటే అహోబిలానికని. ఆ రెండు ఊళ్లలోనూ బస్సు మారడమే తప్ప ఆగడం ఉండదు. నేను ఆ రెండు ఊళ్లకే వెళ్లాను. అయిదు రోజులు ఉన్నాను. అహోబిలం చూడలేదు. మహానంది వెళ్లాను గాని అరటిపళ్ల కోసం.

మాది కాకినాడ. కణాల పరీక్ష చేసే ల్యాబులో టెక్నీషియన్ని. కడుపులో గడ్డ ఉన్నవాళ్లకు డాక్టరు స్కానింగులో చూస్తూ సన్నని సూదిని గడ్డలోకి దించి, ఆవగింజంత పదార్థం లాగుతారు. దాన్ని గాజు స్లైడు మీద పరిచి, రంగులు పట్టించి, మైక్రోస్కోపు కింద పెడితే అది కేన్సరా, మరొకటా అన్నది చాలాసార్లు కత్తి పెట్టకుండానే తెలుస్తుంది. చూసి తేల్చేది డాక్టరు. పరచడం, ముంచడం, రంగు పట్టించడం మా పని. నంద్యాలలో ఒక ఆసుపత్రివాళ్లు ఈ పరీక్ష కొత్తగా మొదలుపెడుతూ, నేర్పడానికి ఒక మనిషిని పంపమంటే మా సారు నన్ను పంపారు. నేర్పడానికి నేను ఇరవై రెండు మెట్ల పట్టిక రాసుకుని, ప్లాస్టిక్ కవరులో పెట్టి తీసుకెళ్లాను.

రైల్లో

గుంటూరు దాటాక ఎదురు సీట్లో పాములపాడు రైతు ఒకాయన కూర్చున్నాడు. అరవై దాటి ఉంటాయి. రైలు నల్లమలలోకి వెళ్లేసరికి వేరుశనక్కాయల సంచి విప్పి నా ఒళ్లో దోసెడు పోశాడు. ఆ తర్వాత విచారణ మొదలుపెట్టాడు.

"యాడికి పోతాండావప్పా?"

"నంద్యాలండి."

"ఏం పని?"

చెప్పాను. సూది, గడ్డ, రంగులు, అన్నీ. మా ఊళ్లో అయితే ఇంత వివరం చెబితే అవతలివాళ్లు "అలాగా అండి" అని మర్యాదగా కిటికీలోంచి చూస్తారు. ఈయన కాయ ఒలవడం ఆపాడు.

"గడ్డను సూదితో పొడిస్తే రెచ్చిపోదా? తేనెతుట్టెను కట్టెతో పొడిచినట్ల?"

సూది రక్తం తీసే సూది అంతే సన్ననిదనీ, దానివల్ల గడ్డ పాకడం చాలా అరుదనీ, ఎక్కడ పొడవకూడదో డాక్టర్లకు తెలుసనీ వివరించాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"బాగ చెప్పినావు. నీ సూది, నీ ఇష్టం. నా కడుపు మాత్రం నీ తట్టు పెట్టను," అని మరో దోసెడు కాయలు పోశాడు.

ఉగ్గాని

స్టేషనుకు స్కూటరు మీద వచ్చినతను ప్రేమ్‌కుమార్, ఆ ఆసుపత్రి ల్యాబు టెక్నీషియను. నలభై అయిదేళ్లవాడు. మా అక్కడ పరిచయమైన మొదటి గంటలో ఒకరినొకరు "గారు" అనుకుంటాం. అతను నా సంచి లాక్కుని, "ఎక్కప్పా, ఆకలైతాంటాది," అన్నాడు. నేను "అన్నా" అనడం అక్కడే మొదలైంది.

నలభై రూపాయలకు ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు. ఉగ్గాని అంటే బొరుగుల్ని నీళ్లలో నానబెట్టి, పిండి, పోపులో వేసి, పైన పుట్నాల పొడి చల్లేది. మా ఊళ్లో వాటిని మరమరాలంటాం. సాయంత్రం పొట్లంలో కట్టించుకుంటాం తప్ప, తడిపి పొద్దున్నే టిఫినుగా తినొచ్చని నాకు తట్టలేదు. మొదటి బజ్జీకే కళ్లలో నీళ్లు వచ్చాయి. హోటలాయన చూసి, "కోస్తా బిడ్డనా?" అంటూ, నేను అడగకుండానే మజ్జిగ పెట్టాడు. దానికి డబ్బు తీసుకోలేదు.

బసలో చొక్కా ఉతికి ఆరేశాను. స్నానం చేసి వచ్చేసరికి ఆరిపోయింది. మార్చి నెలలో కాకినాడ గాలికి అదే చొక్కా మర్నాటికి కూడా చంకల దగ్గర చెమ్మగానే ఉంటుంది. ఇదెంత సుఖమో అనుకుని ఇంకో రెండు చొక్కాలు ఉతికాను.

రెండో రోజు

ఆ రోజు వచ్చిన పేషెంటు వీరాచారి. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే శిల్పి. యాభై రెండేళ్లు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. ఎంత కడిగినా పోని రాతిపొడి వేళ్ల గీతల్లో తెల్లగా ఉంది. వెంట భార్య ఈశ్వరమ్మ. చిన్నపేగులో నిమ్మకాయంత గడ్డ, నోటి నుంచి వేసిన గొట్టానికీ, కింది నుంచి వేసిన గొట్టానికీ అందని చోట. కేన్సరు కావచ్చు, క్షయ కావచ్చు. స్కానింగులో రెండూ ఒకేలా ఉంటాయి. మొదటిదైతే త్వరగా కోసి తీయాలి. రెండోదైతే కత్తి అక్కర్లేదు, నెలల తరబడి మాత్రలు. ఏదో తేలకుండా ఏదీ మొదలుపెట్టడానికి లేదు. ఈలోగా గడ్డ పేగును మూసేస్తే ఆలోచించే వ్యవధి కూడా ఉండదు.

స్కానింగు డాక్టరు సూది తీసి నా చేతికిచ్చారు. ఆరు స్లైడ్ల మీద పరిచాను. అందులో మూడు గాలికి ఆరాలి. మూడు మాత్రం తడి ఆరకముందే స్పిరిట్లో మునగాలి. ఈ రెండో రకంలోనే కణం నడుమ ఉండే కేంద్రకం అంచు స్పష్టంగా కనిపిస్తుంది. నా పట్టిక ప్రకారం పరచాలి, పెన్సిలుతో నంబరు రాయాలి, ముంచాలి. నంబర్లు ముందే రాసుకోవచ్చు కదా అంటే, లాగింది ఎన్ని స్లైడ్లకు వస్తుందో ముందుగా తెలియదని మా దగ్గర తర్వాతే రాస్తాం.

"బేగా ముంచప్పా, ఆరిపోతాది," అన్నాడు ప్రేమ్‌కుమార్.

"నంబరు లేకుండా ముంచితే తారుమారైపోతాయి అన్నా," అన్నాను, నేర్పడానికి వచ్చినవాడి గొంతుతో. నా చేతిరాత గుండ్రంగా ఉంటుంది. మూడు నంబర్లూ గుండ్రంగా రాసి ముంచాను. పైన ఫ్యాను తిరుగుతోంది.

సాయంత్రం రంగులు పట్టించి పాథాలజీ డాక్టరమ్మ ముందు పెట్టాను. ఆవిడ చాలాసేపు చూశారు.

"కణాలు ఉండాయి. కానీ ఉబ్బి, అంచులు చెరిగిపోయినాయి. ఇవి జబ్బుతో పెద్దవైనాయా, ఆరిపోయి పెద్దవైనాయా? నేను చెప్పలేను."

గాలికి ఆరబెట్టిన మిగతా మూడింటిలో దాదాపు రక్తమే ఉంది. కాకినాడలో నేను నంబరు రాసినంతసేపూ స్లైడు తడిగానే ఉండేది. నా మూడు చొక్కాల్ని ఆరబెట్టిన గాలే ఇక్కడ స్లైడ్లనూ ఆరబెట్టిందని నాకు అప్పుడు తట్టింది. ప్రేమ్‌కుమార్ స్లైడ్లను పెట్టెలో సర్దాడు. ముందే చెప్పానని అతను ఎత్తిపొడిచి ఉంటే బాగుండేది.

మళ్లీ సూది పెట్టాలని ఆచారికి ఫోను చేస్తే ఈశ్వరమ్మ ఎత్తింది. "రానంటాండాడు నాయనా. కాళ్లు పట్టుకున్యా రానంటాండాడు."

ఆళ్లగడ్డ

మర్నాడు శనివారం. ప్రేమ్‌కుమార్, నేను బస్సెక్కాం. శిరివెళ్ల దాటేదాకా రెండు వైపులా కోతకొచ్చిన వరి. నంద్యాల సోనా బియ్యం మేమూ కొంటాం గాని అది పండే నేల నల్లగా ఉంటుందని నాకు తెలియదు. ఆళ్లగడ్డలో దిగగానే మొదట వినిపించేది రాయి మీద ఉలి చప్పుడు. రోడ్డు పక్కన షెడ్లు, షెడ్ల ముందు విగ్రహాలు. దేవుళ్లు, నాయకులు, నందులు. తల చెక్కి కాళ్లు చెక్కనివి కొన్ని, కాళ్లున్నా ముఖం లేనివి కొన్ని. దారిన పోయేవాళ్లెవరూ వాటివైపు చూడరు, మా ఊళ్లో పడవల వైపు చూడనట్టే.

వీరాచారి మూడడుగుల అమ్మవారి ముందు కూర్చుని ఉన్నాడు. నల్లరాయి. నగలు, వేళ్లు, చీర కుచ్చిళ్లు అన్నీ పూర్తయ్యాయి. కళ్లచోట మాత్రం నున్నగా ఉంది.

"నిన్న సూది పెట్టినోళ్లు గదా. ఏమైంది?"

"మళ్లీ ఒక్కసారి రావాలండి. నిన్నటిది సరిగా రాలేదు."

ఆయన భార్య వైపు తిరిగాడు. "నేను చెప్పలా? ఇగ్రహం చేతిలో పెట్టుకోని సూదికి పోగూడదు, నెత్తురు చూడగూడదంటే ఇంటివా? అందుకే చెడింది."

అది వాళ్ల ఇంటి కట్టుబాటట. విగ్రహానికి కళ్లు పెట్టేదాకా చెక్కేవాడు కావాలని ఒంటి నుంచి రక్తం తీయించుకోకూడదు. ఆ రోజు ఈశ్వరమ్మ ఏడ్చి తీసుకొచ్చింది.

"ఉలి తగిలి దినామూ వస్తాది గదన్నా నెత్తురు?" అన్నాడు ప్రేమ్‌కుమార్.

"అది పని నెత్తురు. ఇది సూది నెత్తురు. చర్చికి పోయేటోడివి, నీకేం తెలుస్తాదిలే."

"మా చర్చిలో సూదులకు అడ్డం లేదులే," అన్నాడు ప్రేమ్‌కుమార్. ఇద్దరూ నవ్వారు.

నేను నవ్వలేకపోయాను. కారణం ఆయనే వెతుక్కున్నాడు. నేను ఊరుకుంటే తప్పు అమ్మవారి మీద ఉండిపోతుంది. కానీ ఈశ్వరమ్మ తలదించుకుని నిలబడి ఉంది.

"విగ్రహం వల్ల కాదండి. మీ ఆవిడ వల్లా కాదు. నా చేతి తప్పు. ముంచాల్సిన స్లైడును ముంచకుండా దానిమీద నంబరు రాస్తూ కూర్చున్నాను. ఆరిపోయింది. ఈ అన్న ముందే చెప్పాడు, నేను వినలేదు."

ఆచారి ఉలి కింద పెట్టాడు.

"ఎంతసేపు రాసినావ్?"

"పది సెకన్లు. పన్నెండేమో."

"పన్నెండు సెకన్లకే?"

"మా ఊళ్లో అయితే ఆరదండి."

ఆయన ఒళ్లో రాతిపొడి దులుపుకున్నాడు. "మా తట్టు రాయి పగిలితే రాయిదే తప్పంటాం. చెక్కినోడు నా తప్పు అన్నది నేను యాడా ఇనలా," అన్నాడు. తర్వాత అమ్మవారిని చూశాడు. "రేపు పొద్దున కళ్లు పెడతా. సోమవారం వస్తా. కానీ ఒకటి. నా కడుపులోంచి తీసింది నాకు చూపీయాల. కాగితం గాదు. దాన్నే."

"చూపిస్తాను," అన్నాను. అలా అనే అధికారం నాకుందో లేదో అన్నాక ఆలోచించాను.

ఈశ్వరమ్మ అన్నానికి ఉండమంది. రాగి సంకటి, ఊరుబిండి అనే వేరుశనగ పచ్చడి, గోంగూర. నేను సంకటి నమలబోతే, "నమలగూడదు నాయనా, మింగాల," అంది. మింగితే నిజంగానే బాగుంది. రెండు ముద్దలు తిన్నాను. ఆచారి అర ముద్ద కలుపుకుని, అందులో సగం వదిలేశాడు. ఆవిడ చూసీ చూడనట్టు కంచం తీసింది.

కళ్లు

ఆదివారం ప్రేమ్‌కుమార్‌కు చర్చి. నేనొక్కణ్నే ఆళ్లగడ్డ వెళ్లాను, పిలవకపోయినా. షెడ్డుకు దుప్పటి అడ్డం కట్టారు. అమ్మవారి ముందు అద్దం నిలబెట్టారు. మొదటి చూపు మనిషి మీద పడకూడదట. నన్ను వెనకవైపు నిలబడమన్నారు. అందుకని కళ్లు చెక్కడం నాకు కనబడలేదు. చప్పుడు విన్నాను. మిగతా రోజుల్లో టకటక వినిపించే ఉలి అప్పుడు గోరుతో గీరినంత మెల్లగా వినిపించింది. అరగంట కూడా పట్టలేదు. దుప్పటి తీశాక అద్దంలో చూశాను. నిన్నటి రాయి, నిన్నటి ముఖం, కానీ ఎదురుగా నిలబడటానికి నాకు కొంచెం బెరుకనిపించింది.

ఆచారి కడుపు పట్టుకుని నులకమంచం మీద వాలిపోయాడు. ఈశ్వరమ్మ నన్ను షెడ్డు వెనక్కి పిలిచింది.

"నాయనా, ఏమొచ్చినా ఆయనకు చెప్పొద్దు. గడ్డ మంచిదే అని చెప్పు. వాళ్ల తమ్మునికి ఇట్లనే వచ్చె. ఆ మాట చెవిన పడిన దినం నుంచి అన్నం మానుకున్యాడు. మూడు నెల్లు గూడా ఉండల్యా."

"చెప్పేది నేను కాదమ్మా, డాక్టరమ్మ," అన్నాను. అది నిజమే. కానీ ఆవిడకు కావలసిన జవాబు అది కాదు.

సాయంత్రం ప్రేమ్‌కుమార్ స్కూటరు మీద మహానంది తీసుకెళ్లాడు. గుడి బయట తోటల అరటిపళ్లు అమ్ముతున్నారు. డజను నలభై అయిదు చెప్పి, అతని ముఖం చూసి నలభైకిచ్చారు. చిన్నవి, మా చక్కెరకేళి కన్నా కొంచెం పులుపు, కానీ ఆరు తినేదాకా ఆపలేకపోయాను. అవి తింటూ నా ఇబ్బంది చెప్పాను.

"ఆయనకు చూపిస్తానంటివి. ఆయమ్మ చెప్పొద్దనె. అంతే గదా? చెప్పకుండా చూపీ," అన్నాడతను. "ఆయనకేం తెలుస్తాది? ఊదా రంగు చుక్కలు."

తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. ఎంత తెలివైన దారి అనుకున్నాను.

సోమవారం

పది స్లైడ్ల మీద ముందే నంబర్లు రాశాం. ఎన్ని మిగిలితే అన్ని మిగలనీ. ఫ్యాను ఆపాం. పరిచే పని ప్రేమ్‌కుమార్‌కు ఇచ్చాను. అతనిది నాకన్నా వేగమైన చెయ్యి. నేను స్పిరిట్ జాడీ అతని చేతి కిందే పట్టుకుని నిలబడ్డాను. స్లైడు పరిచిన చెయ్యి పైకి లేవకుండానే జాడీలో మునిగింది. అలా నాలుగు. ఒకదానికి అప్పటికప్పుడు తొందర రంగు వేసి చూసిన డాక్టరమ్మ, "చాలు. సూది తీసేయండి," అన్నారు.

మధ్యాహ్నానికి మిగతా రంగులు అయ్యాయి. కేంద్రకాలు ముదురు నీలం, చుట్టూ లేత ఆకుపచ్చ. అంచులు గీసినట్టున్నాయి. డాక్టరమ్మ రెండుసార్లు మొదటి నుంచి చివరిదాకా చూశారు.

"కేన్సరే," అన్నారు. "పేగులోనే పుట్టింది. స్కానులో లివరు శుభ్రంగా ఉంది కాబట్టి కోసి తీయొచ్చు. ఆలస్యం చేయగూడదు."

నేను ఆయనకిచ్చిన మాట, ఈశ్వరమ్మ అడిగిన మాట రెండూ చెప్పాను. ప్రేమ్‌కుమార్ ఉపాయం కూడా చెప్పాను. ఆవిడ కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"చెప్పాల్సింది నేను. ఆయన అడిగితే అబద్ధం చెప్పను. అడక్కపోతే తొందరపెట్టను. చూపిస్తానంటివి గదా, చూపించు."

ఆచారి చెప్పులు గుమ్మం బయట వదిలి లోపలికొచ్చాడు. ఈశ్వరమ్మ బయట బెంచీ మీదే ఉండిపోయింది. మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి, పెద్ద మరను తిప్పితే బొమ్మ తేటపడుతుందని చూపించాను. కొత్తవాళ్లు దాన్ని గబుక్కున తిప్పి స్లైడు పగలగొడతారు. ఈయన మరను తాకినట్టే లేదు, బొమ్మ తేటపడింది. నేను గోడ గడియారం చూస్తూ నిలబడ్డాను.

"మంచిది యాడుంది?" అన్నాడు, కన్ను తీయకుండా.

"ఏ మంచిది?"

"నా పేగంతా చెడిందా ఏందీ? బాగుండేది గూడా ఉంటాది గదా. రెండూ పక్కపక్కన పెడితే గదా తెలిసేది."

సూది దారిలో మంచి పేగు కణాలు కూడా కొన్ని వస్తాయి. అదే స్లైడులో ఒక మూల అలాంటి కణాలు రేకులా పరుచుకుని ఉన్నాయి. డాక్టరమ్మ వైపు చూశాను. ఆవిడ తలూపారు. స్లైడును జరిపాను. ఆయన చూశాడు. తిరిగి మొదటిచోటికి పొమ్మన్నాడు. మళ్లీ రేకు దగ్గరికి. మూడోసారి నేనక్కర్లేకుండా తనే జరుపుకున్నాడు.

"ఇవి కొలతలో ఉండాయి," అన్నాడు. "తేనెపట్టు మాదిరి, గదికి గది సమానం. నడిమి చుక్క నడిమే ఉంది. అవి అట్ల లేవు. చుక్క గదినంతా మింగింది. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఒకదాని మీద ఒకటి ఎక్కినాయి. అంచు గూడా వంకర."

నేను కోర్సులో ఒక రాత్రంతా కూర్చుని ఈ లక్షణాలన్నీ బట్టీ పట్టాను. ఆయన వాటిని వరసగా, ఒక్కటీ వదలకుండా చెప్పాడు. ప్రేమ్‌కుమార్ నా వైపు చూడకుండా ఖాళీ జాడీ కడగడానికి వెళ్లాడు.

ఆచారి కన్ను తీశాడు. "ఇది కేన్సరే గదమ్మా?"

"అవును ఆచారీ," అన్నారు డాక్టరమ్మ.

"కోస్తే పోతాదా?"

"కోసి తీయాల. తీసినాక మళ్లీ పరీక్ష చేస్తాం, మందులు కావాల్నా వద్దా చూస్తాం. అంతా పోతుందని ఇప్పుడే మాట ఇవ్వను. కోయడానికి ఇది మంచి సమయం, ఆ మాట మాత్రం ఇస్తా."

"ఎన్నాళ్ల లోపల?"

"ఈ వారంలో."

ఆయన ఇంకోసారి మైక్రోస్కోపులోకి వంగి చూసి లేచాడు. నా జేబులోంచి పెన్సిలు తీసుకున్నాడు. బయటికి వెళ్లి బెంచీ మీద భార్య పక్కన కూర్చున్నాడు. నేను గుమ్మం దగ్గర ఆగిపోయాను.

"గడ్డ మంచిది కాదు," అన్నాడు ఆమెతో. "ఎవరూ చెప్పలా. నేనే చూసినా."

ఈశ్వరమ్మ నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన స్కానింగు కవరును మోకాలి మీద తిరగేసి పెట్టి, దాని వెనక గీయడం మొదలుపెట్టాడు. మొదట ఒక వరస గదులు, సమంగా, ఒక్కో గది నడుమ ఒక్కో చుక్క. వాటి పక్కన ఇంకో గుంపు. అందులో ఏ రెండు గదులూ ఒక తీరుగా లేవు. నేను ఇన్నేళ్లుగా చూస్తున్నాను, అంత బాగా ఎప్పుడూ గీయలేదు.

"ఇవి మంచివి. ఇవి చెడ్డవి. ఇవున్న ముక్క కోసి పారేస్తారు. ఈ వారంలోనే."

ఆమె కవరు చేతిలోకి తీసుకుంది. దగ్గరగా పెట్టుకుని చూసింది. గుంపులో ఒక వంకర గదిని వేలితో తాకింది.

"ఇంతేనా?"

"ఇంతే."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని నన్ను పిలిచింది. కోపంగా అడుగుతుందనుకున్నాను.

"నాయనా, ఆ కోసే డాక్టరుకు చెయ్యి నిలకడేనా?"

నాకు తెలియదు. తెలియదనే చెప్పి, కనుక్కోవడానికి లోపలికి వెళ్లాను.